నలభై మూడో పేజీలో నీలం దారం

మా పిన్ని ఒక్కసారి చూసిన మనిషి నడుము కొలత జన్మలో మరిచిపోదు. చదివిన పుస్తకం మాత్రం, మూసిన మూడో వారానికల్లా మరిచిపోతుంది. ఈ రెండూ ఒకే తలకాయలో ఎలా సర్దుకున్నాయో నాకు ఇన్నేళ్లయినా అంతుపట్టలేదు.

ఆవిడది బట్టలు సరిచేసే దుకాణం. కొత్తవి కుట్టదు. పొడుగైనవి పొట్టి చేయడం, బిగుతైనవి వదులు చేయడం, చిరిగినవాటిని చిరిగినట్టు తెలియకుండా అతకడం, ముప్పై రెండేళ్లుగా ఇదే పని. ఉన్నది ఒకటే గది. గుమ్మానికి ఎదురుగా తొక్కుడు మిషను, దాని పక్కన ఇస్త్రీ బల్ల, ఆ పక్కన నిలువుటద్దం. అద్దం కింద ఒక మూల పగిలింది కాబట్టి ఎవరు నిలబడినా ఎడమ కాలి బూటు రెండుగా కనిపిస్తుంది. టేపు ఎప్పుడూ ఆవిడ మెడలోనే వేలాడుతుంది కానీ దానితో కొలుస్తుండగా నేను చూసింది తక్కువ. మనిషి ఇంకా మెట్టెక్కుతుండగానే "ఏమండోయ్, కిందటిసారి ముప్పై నాలుగు. ఇప్పుడు ముప్పై ఆరున్నరకి వచ్చారు. తిండి బాగా ఒంటబడుతోంది" అని పలకరిస్తుంది. వాళ్లు సిగ్గుపడతారే తప్ప కోప్పడరు. టేపు పెట్టి చూస్తే ముప్పై ఆరున్నరే ఉంటుందని వాళ్లకీ తెలుసు. వీధి మొత్తం ఆవిణ్ణి టేపమ్మ అని పిలుస్తుంది.

నేను ఆవిడ అక్క కూతుర్ని. ఆవిడ దుకాణానికి నాలుగు గుమ్మాల అవతల ఉన్న గ్రంథాలయంలో గుమస్తాని. పుస్తకాలు ఇస్తాను, తీసుకుంటాను, ఆలస్యంగా తెచ్చినవాళ్లను విసుక్కుంటాను. "మీకేమండీ, రోజంతా హాయిగా చదువుకోవచ్చు" అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. గ్రంథాలయంలో చదువుకునే తీరిక లేని ఏకైక ప్రాణి నేనే.

మా గ్రంథాలయంలో ఒక రహస్యం ఉంది. ఎవరి మటుకు వాళ్లు అది తమ ఒక్కరి రహస్యమే అనుకుంటారు. అన్నీ తెలిసింది నాకు. అదేమిటంటే, ఇక్కడి పాఠకులందరికీ తలా ఒక గుర్తు ఉంది. చదివిన పుస్తకాన్నే మళ్లీ ఇంటికి మోసుకుపోయి, సగంలో నాలుక కరుచుకోకుండా ఉండడానికి, చదివిన ప్రతి పుస్తకంలోనూ ఎవరి చోట వాళ్లు ఒక గుర్తు పెట్టుకుంటారు. రిటైరైన హెడ్మాస్టరుగారు ఇరవై ఐదో పేజీ అంకె చుట్టూ త్రికోణం గీస్తారు. సెలూన్ ఆయన యాభయ్యో పేజీ కింద రెండు చుక్కలు పెడతాడు. పోస్టాఫీసు ఆవిడ మొదటి పేజీ మూల నక్షత్రం వేస్తుంది. మా వీధి డాక్టరుగారిది పదకొండో పేజీలో టిక్కు, మందుల చీటీ రాసినంత గబగబా గీసిన టిక్కు. నేను ఉద్యోగంలో చేరిన వారంలోనే మా పై అధికారి ఒక రబ్బరు చేతికిచ్చి "పుస్తకాల్లో గీతలు కనిపిస్తే చెరిపెయ్యమ్మా" అన్నాడు. పదకొండేళ్లయింది, ఆ రబ్బరు అంచు కూడా అరగలేదు. నిజంగా చెరిపితే ఈ వీధిలో నేను బతికి బట్టకట్టేదాన్ని కాదు.

పిన్ని గుర్తు వీళ్లందరికన్నా తెలివైనది అని పిన్ని అభిప్రాయం. ఆవిడ పెన్ను ముట్టదు. సూదిలో అప్పుడు ఏ దారం ఉంటే ఆ దారంతో పేజీ కింది మూల ఒకే ఒక్క కుట్టు వేస్తుంది. అది కూడా తన వయసు అంకె ఉన్న పేజీలో. నలభై ఏళ్లప్పుడు చదివితే నలభయ్యో పేజీ, యాభై ఏళ్లప్పుడు యాభయ్యో పేజీ. "చదివానా లేదా అన్నదే కాదు, ఎప్పుడు చదివానో కూడా తెలుస్తుంది" అని గొప్పలు పోయేది. గ్రంథాలయం పుస్తకంలో సూది గుచ్చినందుకు నేను నిజానికి కేకలెయ్యాలి. కానీ ఊడిపోయిన కాగితాల్ని అదే సూదితో కుట్టి తెస్తుంది కాబట్టి నోరు మూసుకున్నాను.

ఈ పద్ధతిలో ఒక లోపం ఉంది. పుస్తకం ఏరుకునేటప్పుడు ఆవిడ వెనకటి వయసుల పేజీలన్నీ తిరగేయదు. చివరి నాలుగైదు మాత్రమే చూస్తుంది. "ఐదేళ్ల లోపు చదివిందయితే పొరపాటున మర్చిపోవచ్చు. అంతకుముందు చదివింది మనసులో పాతుకుపోయి ఉంటుంది కదే, అట్ట చూడగానే తెలియదూ?" అనేది. ఇంత తలకిందుల లెక్క నేనెక్కడా వినలేదు. అయినా ఆవిడ ధీమా చూసి నమ్మాను.

ఈ మధ్య ఒక నెల మొదట్లో, మంగళవారం మధ్యాహ్నం పిన్ని గ్రంథాలయంలోకి విసురుగా వచ్చింది. మెడలో టేపు, నోట్లో నాలుగు గుండుసూదులు, చేతిలో పుస్తకం. సూదులు ఒక్కొక్కటే తీసి నా రిజిస్టరు అట్టకి గుచ్చి, అప్పుడు నోరు తెరిచింది.

"ఈ పుస్తకం ఎవరిచ్చారే నాకు?"

"నేనే. మొన్న శనివారం నువ్వే ఏరుకున్నావు. అన్నదమ్ముల కథ, పడవ ఉంటుంది, బాగుంటుందని ఎవరో చెప్పారన్నావు."

"చూడు." ముప్పై ఆరో పేజీ తెరిచింది. కింది మూల తెల్ల దారంతో ఒక కుట్టు ఉంది.

"అయితే ఏంటి, ముప్పై ఆరేళ్లప్పుడు చదివావు. ఇరవై రెండేళ్లయింది. ఎవరికి మాత్రం గుర్తుంటుంది?"

పిన్ని నలభై మూడో పేజీకి తిప్పింది. నీలం దారం. యాభై ఒకటికి తిప్పింది. గోధుమరంగు దారం. నాకు నవ్వొచ్చింది. ఆపుకోవలసింది కానీ ఆపుకోలేకపోయాను.

"నవ్వకే! మూడుసార్లు చదివాను. ఇది నాలుగోది. ఒక్క ముక్క గుర్తుంటే ఒట్టు. తమ్ముడు అన్నతో మాట మానేస్తే నాకు గుండె పిండేసినట్టయింది. కొత్తగా, మొదటిసారి విన్నట్టు." కుర్చీలో కూలబడింది. "అది కాదే అసలు సంగతి. నలభై మూడులో చదివినప్పుడు ముప్పై ఆరులో వేసిన కుట్టు కనపడే ఉంటుంది కదా? చూసి కంగారుపడే ఉంటాను. యాభై ఒకటిలో రెండు కుట్లూ చూసి ఇంకా కంగారుపడి ఉంటాను. ఆ కంగారు కూడా గుర్తులేదే నాకు!"

అంతలోనే ఆవిడ నా మీదకి తిరిగింది.

"యాభై ఒకటిలో ఇచ్చింది నువ్వే కదే. నీకప్పటికే ఉద్యోగం వచ్చి నాలుగేళ్లు. నీకైనా గుర్తుండొద్దా?"

నాకు గుర్తున్నది ఆకుపచ్చ అట్ట, కిటికీ పక్క బీరువా, మూడో అర. గుమస్తా బుర్రలో పుస్తకానికి ఉండే చోటు అంతే. ఆ మాటే చెప్పాను. ఆవిడ నవ్వలేదు.

ఆవిడ ఎందుకు నవ్వలేదో నాకు తెలుసు. మా అమ్మమ్మకి అరవై రెండో ఏట మతిమరుపు మొదలైంది. మొదట కళ్లద్దాలు ఎక్కడో పెట్టి వెతుక్కునేది, మేం నవ్వేవాళ్లం. తర్వాత వీధి మలుపు మరిచిపోయింది. ఆ తర్వాత ఒకరోజు కన్నకూతురైన మా అమ్మని పట్టుకుని "మీరెవరి తాలూకండీ?" అని మర్యాదగా అడిగింది. మా అమ్మ వంటింట్లోకి వెళ్లి ఏడ్చింది. ఐదేళ్లు అలాగే బతికింది అమ్మమ్మ. ఆ ఐదేళ్లూ ఆవిణ్ణి చూసుకున్నది పిన్నే. ఇప్పుడు పిన్నికి యాభై ఎనిమిది. అరవై రెండు ఇంకెంత దూరమో వేళ్లమీద లెక్కపెట్టుకోవచ్చు.

మర్నాటి నుంచి పిన్ని దుకాణంలో ఒక నోటుపుస్తకం వెలిసింది. మనిషి రాగానే నోటిదాకా వచ్చిన కొలతని మింగేసి, టేపు తీసి, చుట్టూ తిప్పి కొలిచి, రాసుకుని, మళ్లీ ఇంకోసారి కొలిచి సరిచూసుకునేది. వీధిలో గగ్గోలు లేచింది. పోస్టాఫీసు ఆవిడ నా దగ్గరికి వచ్చి గుసగుసగా "మీ పిన్నిగారికి నామీద కోపం ఏమైనా వచ్చిందా అండీ? నాకు టేపు పెట్టి కొలిచారు" అంది. ముప్పై ఏళ్లుగా చుట్టరికంలా సాగిన సంబంధం టేపుతో తెగిపోయిందని ఆవిడ బాధ.

ఆ శుక్రవారం పిన్ని అసలు బాంబు పేల్చింది. నెలాఖరుకి దుకాణం మూసేస్తుందట.

"మతి పోయిందా నీకు?" అన్నాను. ఆ సందర్భంలో అనకూడని మాట. అనేశాను.

"అదే కదే నా భయం" అంది. "పుస్తకం మర్చిపోతే ఎవరికీ నష్టం లేదు. ఒకరి కోటు ఇంకొకరి కొలతకి కత్తిరించానంటే? కుట్టిందైతే విప్పొచ్చు. కత్తిరించింది అతకలేం. అమ్మకి మొదలైనప్పుడు అమ్మకి తెలీలేదు. నాకు మాత్రం తెలుస్తుందా? పరువుండగానే తప్పుకుంటాను."

మా బాబాయి, అంటే ఆవిడ భర్త, బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఏ విషయంలోనైనా మంచి చూడగలిగిన మనిషి. "చదివిందే చదివినా కొత్తగా ఉంటోందంటే ఒక్క పుస్తకంతో జీవితం వెళ్లిపోతుంది కదటే. ఇంత అదృష్టం ఎవరికుంది?" అన్నాడు. పిన్ని దారపుకండె విసిరింది. గురి తప్పలేదు.

ఇక లాభం లేదని డాక్టరుగారి దగ్గరికి లాక్కెళ్లాను. పెద్దగది, గోడకి గుండె బొమ్మ, ఆ బొమ్మ కింద ఒక చిన్న బీరువాలో పుస్తకాలు. అందులో రెండు మావే, గడువు దాటినవి. అప్పటికి ఊరుకున్నాను.

డాక్టరుగారు శ్రద్ధగానే చూశారు. తారీఖు అడిగారు, చెప్పింది. వందలోంచి ఏడేడు తీసేస్తూ రమ్మన్నారు, ఆయన చాలు చాలు అనేదాకా తీసుకుంటూ పోయింది. గడియారం బొమ్మ గీయమన్నారు, సెకన్ల ముల్లుతో సహా గీసింది. తాళంచెవి, గొడుగు, నిమ్మకాయ అని మూడు మాటలు చెప్పి కాసేపయ్యాక మళ్లీ అడిగారు. మూడూ చెప్పి, పైగా "మీ కోటు కుడి చెయ్యి అర అంగుళం పొడుగుంది. పోయినేడు నేను చెప్పాను, మీరు తెస్తానని తేలేదు. మెడ అప్పుడు పదిహేనున్నర, ఇప్పుడు పదహారున్నర" అంది. డాక్టరుగారు కాలరు సర్దుకున్నారు.

"అమ్మా, మీకు ఏ జబ్బూ లేదు. చదివిన పుస్తకాలు మర్చిపోవడం జబ్బు కాదు. అందరూ మర్చిపోతారు."

"మీరు మర్చిపోతారా?" అంది పిన్ని.

ఇక్కడ ఆయన అవునని ఒక్క మాట అనుంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కానీ డాక్టరుగారికి తమ చదువు మీద అభిమానం. వెనక్కి వాలి "నేనా? నాదొక చిత్రమైన బుర్రలెండి. ఒకసారి చదివానంటే రాతి మీద చెక్కినట్టే" అన్నారు. పిన్ని ముఖం పాలిపోయింది. మెట్లు దిగుతూ "చూశావా, ఆరోగ్యంగా ఉన్న బుర్ర ఎలా ఉంటుందో" అంది. నాకు ఆ మనిషి మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. పదకొండో పేజీ టిక్కులు నా కళ్లముందు ఆడాయి.

మర్నాడు నేను ఒక పని చేశాను. గుమస్తా చేయకూడని పని. ఎవరేం చదివారో బయటపెట్టకూడదని మాకు నియమం ఉంది. కానీ గుర్తుల సంగతి నియమంలో ఎక్కడా లేదు. నిచ్చెన వేసుకుని బీరువాలు ఒక్కటొక్కటిగా తీశాను. అపరాధ పరిశోధన నవల ఒకటి తెరిస్తే పదకొండో పేజీలో టిక్కులు నాలుగు. నాలుగూ వేరువేరు సిరాలు. హంతకుడెవరో నాలుగుసార్లు కొత్తగా తెలుసుకున్న మహానుభావుడు, రాతి మీద చెక్కినట్టట! చరిత్ర పుస్తకంలో హెడ్మాస్టరుగారి త్రికోణాలు ఒకదానిలో ఒకటి మూడు. సెలూన్ ఆయన రెండు చుక్కలు కొన్నిచోట్ల ఆరయ్యాయి. పోస్టాఫీసు ఆవిడ మొదటి పేజీల్లో నక్షత్రాలు గుంపులు గుంపులుగా ఉన్నాయి. వీళ్లు గుర్తు పెట్టుకోవడం మరిచిపోలేదు. గుర్తు చూసుకోవడం మరిచిపోయారు. లేదా చూసుకుని కూడా, ఇంతకీ ఏమవుతుందబ్బా అని ఆగలేక తీసుకెళ్లారు. ఒకరితో ఒకరు ఈ సంగతి మాట్లాడుకోలేదు, అంతే.

అదే సమయానికి పుస్తకం తిరిగివ్వడానికి హెడ్మాస్టరుగారు వచ్చారు. నిచ్చెన మీది నుంచే మూడు త్రికోణాలు చూపించాను. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"అమ్మాయీ, ముప్పై ఏళ్లు పిల్లల్ని పాఠం గుర్తులేదని బెంచీ ఎక్కించాను. ఈ సంగతి ఆ పిల్లలకు తెలియనివ్వకు" అన్నారు. తర్వాత కాస్త కుదుటపడి, "పరీక్ష ఉంటే గుర్తుంటుందమ్మా. లేకపోతే తర్వాతేమవుతుందో తెలుసుకోవాలన్న ఆత్రమే నడిపిస్తుంది. అది తీరాక బుర్రకి ఆ పుస్తకంతో పనేముంది?" అన్నారు. ఆయన మాటలో నిజం ఉందనిపించింది. పిన్నికి కొలతతో పని ఉంది, మర్నాడు ఆ మనిషి మళ్లీ గుమ్మమెక్కుతాడు. కథలో మనుషులు తిరిగి రారు, నా ప్యాంటు వదులైందండీ అనరు.

పదహారు పుస్తకాలు రెండు సంచుల్లో వేసుకుని పిన్ని దుకాణానికి మోసుకెళ్లాను. ఇస్త్రీ బల్ల మీద కుమ్మరించి ఒక్కొక్కటే తెరిచి చూపించాను. డాక్టరుగారి నాలుగు టిక్కులు చూసి పిన్ని కళ్లు పెద్దవయ్యాయి. "నాలుగా! రాతి మీద చెక్కినట్టన్నాడే!" అంది. ఆ నెలలో మొదటిసారి నవ్వింది. పుస్తకాలన్నీ తిరగేస్తూ, ఏ గుర్తు ఎవరిదో అడుగుతూ, అందరినీ పేరుపేరునా ఎగతాళి చేస్తూ అరగంట గడిపింది. అమ్మయ్య, గండం గడిచిందనుకున్నాను.

"అయితే దుకాణం మూయవు కదా?"

పిన్ని పుస్తకాలు సంచిలోకి సర్దుతూ నెమ్మదిగా అంది. "వాళ్లకి మా అమ్మ లేదు కదే."

నేను సంచులు పట్టుకుని వెనక్కి వచ్చేశాను. గుర్తులు ఎన్ని చూపించినా తీరేది కాదు ఆ భయం. ఆవిడ పుస్తకాలకి భయపడడం లేదు. తల్లి పోలిక తనకి వచ్చిందేమోనని భయపడుతోంది. దానికి నా బీరువాల్లో మందు లేదు. ఆ రాత్రి ఇంటికెళ్లి మా అమ్మ మీద అనవసరంగా విసుక్కున్నాను.

నెలాఖరు శనివారం. గ్రంథాలయం ఒంటిపూటే. మధ్యాహ్నం దుకాణానికి వెళ్లేసరికి పిన్ని హ్యాంగర్లకి ఉన్న చివరి కోట్లు దించి మడతపెడుతోంది. దుకాణం మూసేశామని గుమ్మానికి అంటించడానికి రాసిన అట్ట మిషను మీద ఉంది. ఆకుపచ్చ అట్ట పుస్తకం దాని పక్కనే. గడువు ఆ రోజుతో అయిపోతుంది, తిరిగివ్వమని అడగడానికే నేను వెళ్లాను. అలవాటు ఎక్కడికి పోతుంది?

"పూర్తిచేశావా?"

"యాభై ఒకటి దాటలేదు. భయమేసి మూసేశాను."

పుస్తకం తీసుకున్నాను. కుట్లు మూడూ మళ్లీ చూశాను, ఊరికే. "ఇదేం నీలం పిన్నీ? ఆకాశం రంగు. ఈ రంగు దారం నీ దగ్గర ఎప్పుడూ చూడలేదే" అన్నాను.

కోటు మడతపెడుతున్న పిన్ని ఆగిపోయింది. నా చేతిలోంచి పుస్తకం తీసుకుని వెలుతురుకి పెట్టి చూసింది. గోటితో ఆ కుట్టుని తడిమింది.

"ఇది అమ్మ గౌన్ల దారం" అంది.

"ఏ గౌన్లు?"

"అమ్మ చెయ్యి పైకెత్తలేకపోయేది. గౌను తల మీంచి తొడిగితే భయపడి ఏడ్చేది. అందుకని అన్నీ ముందువైపు చీల్చి గుండీలు పెట్టాను. నాలుగు గౌన్లు, అన్నీ ఈ నీలమే. కిటికీ పక్క మంచం. నేను కింద కూర్చుని కాజాలు కుట్టేదాన్ని." కళ్లు మూసుకుంది. "పుస్తకం చదివింది నా కోసం కాదే. అమ్మకి చదివి వినిపించాను. కథ అర్థమయ్యేది కాదు తనకి, గొంతు వినపడుతుంటే స్థిమితంగా ఉండేది. ఒకరోజు ఉన్నట్టుండి నవ్వింది. రెండేళ్లయింది అప్పటికి అమ్మ నవ్వి. ఇందులోనే, ఎక్కడో ఒకచోట. నేను చదివింది విని నవ్వింది."

"ఎక్కడ?"

"అదే గుర్తులేదు."

అమ్మమ్మ నవ్వు నాకు బాగా తెలుసు. మొదట చప్పుడుండదు. భుజాలు కదులుతాయి, కళ్లు మూసుకుపోతాయి. ఆ తర్వాత ఊపిరి లోపలికి లాగుతూ 'హీ' అని ఒక సన్నటి కూత వస్తుంది. ఆ కూత విని పక్కింటివాళ్లు కూడా నవ్వేవాళ్లు. పదిహేనేళ్లు దాటింది అది విని.

"వెతుకుదాం పట్టు" అన్నాను. స్టూలు లాక్కుని కూర్చుని యాభై రెండో పేజీ నుంచి గట్టిగా చదవడం మొదలుపెట్టాను. పిన్ని ఊరికే కూర్చోలేదు కాబట్టి దించిన కోటొకటి ఒళ్లో పెట్టుకుని లోపలివైపు ఊడిన అస్తరు గుడ్డ కుట్టసాగింది.

కథ ఇద్దరు అన్నదమ్ములది. ఇద్దరికీ కలిపి ఒకటే పడవ, జనాన్ని ఏరు దాటిస్తారు. మాట పట్టింపొచ్చి మాట్లాడుకోవడం మానేశారు. ఏదైనా చెప్పాల్సొస్తే పడవలో ఉన్న మేకతో చెబుతారు. నేను అరవయ్యో పేజీ దాటాను, ఎనభై దాటాను. గొంతు ఆరిపోయింది. పిన్ని టీ పెట్టి ఇచ్చి, మళ్లీ కూర్చుని సూది అందుకుంది. వంద దాటింది. నవ్వొచ్చే చోట్లు ఒకటి రెండు తగిలాయి, ఇద్దరం చిన్నగా నవ్వాం. "ఇది కాదు" అంది పిన్ని. నాకు నమ్మకం సడలింది. మతి చెదిరిన మనిషి దేనికి నవ్విందో ఎవరు చెప్పగలరు?

నూటపన్నెండో పేజీలో ఒక లావుపాటి వకీలు పడవెక్కాడు. నడి ఏట్లో అన్నదమ్ములకి మళ్లీ పంతం వచ్చింది. అన్న ఈ ఒడ్డుకి తెడ్డు వేస్తాడు, తమ్ముడు ఆ ఒడ్డుకి వేస్తాడు. పడవ ఉన్నచోటే గిరగిరా తిరుగుతోంది. వకీలు ఛాతీకి ఫైళ్లు అదుముకుని, "బాబూ, ఇంతకీ మనం ఏ ఒడ్డుకి వెళుతున్నాం?" అని అడిగాడు. అన్నదమ్ములిద్దరూ ఒకేసారి, ఏడాది తర్వాత మొదటిసారి ఒకే మాట మీద నిలబడి, "దాన్ని అడగండి" అని మేకని చూపించారు. వకీలు గొంతు సవరించుకుని, కోర్టులో అడిగినట్టు మేక వైపు తిరిగి, "అయ్యా" అన్నాడు.

పిన్ని దగ్గర్నుంచి చప్పుడు లేదు. తలెత్తి చూశాను. సూది గాల్లో ఆగిపోయింది. కళ్లు మూసుకుపోయాయి. భుజాలు కదులుతున్నాయి. ఆ తర్వాత ఊపిరి లోపలికి లాగుతూ 'హీ' అని ఒక సన్నటి కూత.

గదిలోకి అమ్మమ్మ వచ్చి కూర్చున్నట్టే ఉంది. పిన్నికి కూడా వినిపించింది తన నవ్వు. గబుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఇక్కడే" అంది. "ఇక్కడేనే. 'అయ్యా' అన్నప్పుడు."

ఇక ఆగలేదు. నవ్వుతూ ఏడ్చింది, ఏడుస్తూ నవ్వింది, కోటు అస్తరుతోనే కళ్లు తుడుచుకుంది. నేనూ అదే స్థితిలో ఉన్నాను. ఎదురింటి ఆవిడ కిటికీలోంచి ఏమైందని చూసి, ఇద్దరు ఆడవాళ్లు ఒక కోటు పట్టుకుని నవ్వుతుంటే అర్థంకాక కిటికీ వేసుకుంది.

చాలాసేపటికి పిన్ని తేరుకుంది.

"అమ్మ దగ్గర్నుంచి నాకేం వస్తుందో అని ఇన్నాళ్లూ హడలి చస్తున్నాను. వచ్చింది ఇదన్నమాట" అంది.

"రెండోది కూడా వస్తేనో?" నోరు ఊరుకోదు నాది.

"వస్తే వస్తుంది. అప్పుడు నువ్వొచ్చి చదివిపెడుదువుగాని. ఏది చదివినా నాకు కొత్తే కాబట్టి నీకు ఒక్క పుస్తకంతో పని జరిగిపోతుంది." కోటు ఎత్తి భుజాలు సరిచూసి హ్యాంగరుకి తగిలించింది. గుమ్మానికి అంటించాల్సిన అట్ట అందుకుని, వెనకవైపు తెల్లగా ఉందని నిర్ధారించుకుని, జేబు ఆకారం గీసి కత్తెరతో కత్తిరించడం మొదలుపెట్టింది.

"ఈ రోజుతో దుకాణం మూసేస్తానన్నావు?"

"అన్నానా?" అంది కత్తెర ఆపకుండా. "మర్చిపోయాను. నువ్వు చదవవే, మేకేమందో నాకు తెలీదు."